ఎవరి ఎస్టేటు?

‘మా తాత ఎస్టేటులో పుట్టాడు’ అని మలేషియా తెలుగువారు ఎవరైనా అంటే, అక్కడివాళ్లకు వెంటనే అర్థమయ్యే సంగతి ఒకటే. ఆ తాత రబ్బరు తోటలోనో కొబ్బరి తోటలోనో కూలీ ఇంట పుట్టాడు. ఇదే మాట బొబ్బిలిలో అంటే కోట, దివాణం, జమీందారు గుర్తొస్తారు. హైదరాబాద్‌లో అంటే ప్లాట్లు, వెంచర్లు, కమిషన్లు తలపుకొస్తాయి. వకీలు దగ్గర అంటే ఆయన ముందు అడిగేది ‘వీలునామా ఉందా?’ అని. మాటలో ఒక్క అక్షరమూ మారలేదు. విన్నచోటును బట్టి తాత కూలీ అయ్యాడు, జమీందారు అయ్యాడు, వ్యాపారి అయ్యాడు, చివరికి వారసులు పంచుకోవాల్సిన ఆస్తి వదిలి పోయినవాడూ అయ్యాడు.

ఇంత తేడా ఎలా వచ్చింది? తెలుగువాళ్లు ఈ మాటను ఏయే చోట్ల ఎదుర్కొన్నారు? కాగితాల్లో కనబడితే ఏ అర్థంలో తీసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

స్థితి నుంచి ఆస్తి దాకా

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘స్టాటుస్’. నిలబడిన తీరు, స్థితి అని దాని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. హోదా అనే అర్థంలో మనం వాడే ‘స్టేటస్’, రాష్ట్రం అనే అర్థంలోని ‘స్టేట్’, ఈ ‘ఎస్టేట్’ మూడూ ఆ ఒక్క ఇంటి పిల్లలే. సంస్కృతంలోని ‘స్థితి’ కూడా ఆ ఇంటికి దూరపు చుట్టమేనని భాషావేత్తలు చెబుతారు.

మనిషి నిలబడిన తీరును చెప్పే మాట, అతని కింద ఉన్న భూమిని చెప్పే మాటగా ఎలా మారింది? జవాబు తెలుగులోనే ఉంది. ‘వాళ్లు బాగా స్థితిమంతులు’ అంటే మనకు అర్థమయ్యేది పొలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లనే కదా. ఊళ్లో ఒకరి హోదాను వారి కింద ఉన్న భూమితో కొలిచిన రోజుల్లో స్థితికీ ఆస్తికీ మధ్య దూరం చెరిగిపోయింది. ఇంగ్లీషువాళ్ల దగ్గరా జరిగింది అదే. మొదట హోదా, తర్వాత ఆ హోదాను నిలబెట్టే భూమి, ఆ తర్వాత ఆ భూమి మీద నడిచే వ్యవహారమంతా ‘ఎస్టేటు’ అయింది. అందుకే ఈ మాట ఏ అర్థంలో వచ్చినా వెనక ఒక ప్రశ్న ఉంటుంది. ఇందులో నిలబడింది ఎవరు, నిలబెట్టింది ఎవరు?

ఇక్కడి ఎస్టేటు: జమీందారీ

తెలుగు నేల మీద ఈ మాట బాగా నాటుకున్నది 1802 తర్వాత. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. ఏటా సర్కారుకు ఇంత ‘పేష్‌కష్’ కడితే చాలు, తన కింది ఊళ్ల మీద శిస్తు వసూలు చేసుకునే హక్కు జమీందారుదే. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి వంటివన్నీ సర్కారు కాగితాల్లో ఎస్టేట్లే. వారసుడు మైనరైనా, అప్పులు పెరిగినా ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ వచ్చి ఆ ఎస్టేటు పాలన చేతిలోకి తీసుకునేది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. జమీందారు ఎస్టేటులో దున్నే రైతు సంగతేమిటి? 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం, రైతు సాగులో ఉన్న భూమి మీద అతనికి స్థిరమైన అనుభవ హక్కు ఇచ్చింది. శిస్తు కట్టినంత కాలం జమీందారు అతన్ని తేలిగ్గా వెళ్లగొట్టలేడు. కాగితం మీది హక్కు పొలం మీద నిలిచిందా అంటే చాలాచోట్ల లేదు. అందుకే రైతు ఉద్యమాలు వచ్చాయి. 1937లో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ చట్టం అమలును తరచి చూసింది. చివరికి 1948 చట్టం ఎస్టేట్లను రద్దు చేసి, ఆ ఊళ్లను రైత్వారీలోకి, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలోకి, మార్చింది. ఉత్తరాంధ్రలో పాత భూమి కాగితాలు తిరగేస్తే ‘ఎస్టేట్ అబాలిషన్’ అనే మాట ఇప్పటికీ తగులుతుంది. అక్కడ ఎస్టేటు అంటే ఒకప్పటి జమీందారీ గ్రామం, అంతే.

తెలంగాణలో ఈ అర్థం అంతగా వినబడదు. నిజాం రాజ్యంలో జాగీరు, సంస్థానం, పాయిగా అన్న మాటలే నడిచాయి.

అక్కడి ఎస్టేటు: రబ్బరు, కొబ్బరి

ఇప్పుడు సముద్రం దాటుదాం. బ్రెజిల్ నుంచి లండన్ క్యూ తోటకు, అక్కడినుంచి 1877లో సింగపూర్‌కు రబ్బరు మొక్కలు వచ్చాయి. వాటిలో కొన్నిటిని పెరాక్ రాష్ట్రంలోని క్వాలా కాంగ్సార్‌లో నాటారు. చెట్టు చావకుండా బెరడును కొద్దికొద్దిగా గీసి పాలు తీసే పద్ధతిని సింగపూర్ తోటల అధిపతి హెన్రీ రిడ్లీ కుదిర్చాడు. మోటారు కార్ల టైర్లకు గిరాకీ పెరిగేసరికి మలయా (నేటి మలేషియా ద్వీపకల్పం) అడవులు వరసగా తోటలయ్యాయి. ఆ తోటలకే ఎస్టేట్లని పేరు. 1917లో సెలంగోర్‌లోని తెన్నమరం ఎస్టేటులో హెన్రీ ఫొకొనియే అనే ఫ్రెంచివాడు ఆయిల్ పామ్ సాగు వ్యాపారంగా మొదలుపెట్టాడు. నేటి మలేషియా ఆయిల్ పామ్ సామ్రాజ్యానికి అది తొలి అడుగు.

ఇక్కడ ఎస్టేటు అన్నది లెక్క ఉన్న మాట. 100 ఎకరాలు, అంటే సుమారు 40 హెక్టార్లు, అంతకు మించి ఉంటేనే ఎస్టేటు. అంతకంటే తక్కువైతే చిన్నకారు తోట. ఈ గీతను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఈ తోటలకు కూలీలు ఎక్కువగా తమిళ జిల్లాల నుంచి వెళ్లారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వైపువాళ్లు. ఇప్పటి లెక్కలో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం అనుకోవచ్చు. పెరాక్ దక్షిణాన తెలుక్ ఇంతాన్, బగాన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరి తోటలు, ఉత్తరాన కెడా రాష్ట్రపు తోటలు తెలుగువాళ్లకు పేరుపడ్డ చోట్లు. మొదట ఒప్పంద కూలీ పద్ధతి నడిచింది. మలయాకు అది 1910లో ఆగిపోయింది. తర్వాత కంగాణీ పద్ధతి. తోటలో పనిచేసే మేస్త్రీనే సొంత ఊరికి పంపి, తన వాళ్లను వెంటబెట్టుకు రమ్మనేవారు. భారత ప్రభుత్వం 1938లో దాన్నీ నిలిపేసింది.

కొంచెం ఆగి ఆలోచించండి. విజయనగరం ఎస్టేటు ఊరిలో పుట్టినవాడు బతుకుతెరువు కోసం పెరాక్‌లోని కొబ్బరి ఎస్టేటుకు వెళ్లాడు. సర్కారు కాగితాల్లో అతను ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకు మారాడు. కానీ ఇక్కడి ఎస్టేటులో రైతుకు కనీసం చట్టం రాసిన అనుభవ హక్కు ఉంది. అక్కడి ఎస్టేటులో కూలీకి నేల మీదే కాదు, తలదాచుకునే గది మీద కూడా హక్కు లేదు. ‘లైన్లు’ అని పిలిచే ఆ వరస ఇళ్లు తోట యజమానివి. పని పోతే ఇల్లూ పోతుంది. నిజమే, ఊళ్లో సెంటు భూమి లేక ఓడెక్కినవాడికి ఇక్కడి చట్టం ఇచ్చిందీ ఏమీ లేదు. రెండు చోట్లా ఎస్టేటు ఇంకొకరిదే.

ఆ తోటల లోపల ఇంకొన్ని ఇంగ్లీషు మాటలూ కొత్త రూపం ఎత్తాయి. కండక్టర్ అంటే బస్సులో టికెట్లు కొట్టేవాడు కాడు, తోట పని మీద అజమాయిషీ చేసేవాడు. డ్రెస్సర్ అంటే బట్టలు తొడిగేవాడు కాడు, తోట ఆసుపత్రిలో కట్లు కట్టి మందులిచ్చే సహాయకుడు, చాలాచోట్ల ఉన్న ఒక్క వైద్యుడూ అతనే. గుమస్తాను ‘కిరాణి’ అనేవారు, మలయ్‌లో అది ‘కెరానీ’. తెల్ల మేనేజరు ‘దొరై’. మన ‘దొర’కు అది తమిళ రూపమని వేరే చెప్పక్కర్లేదు. జమీందారు దివాణంలో ఉన్న పిలుపే రబ్బరు తోటలోకీ నడిచి వచ్చింది.

1923 నాటి కార్మిక చట్టం ప్రకారం బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోట బడి నడపాలి. మలేషియాలో తమిళ బళ్ల పేర్లలో ‘లడాంగ్’ అని తరచు కనబడేది అందుకే. లడాంగ్ అంటే మలయ్‌లో తోట, ఎస్టేటు. కొన్ని తోటల్లో తెలుగు బళ్లూ నడిచాయి. అవి నిలవక చాలామంది తెలుగు పిల్లలు తమిళ బళ్లలోనో మలయ్ బళ్లలోనో చదువుకున్నారు. ఈ లోటు తెలిసినవాళ్లే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే నేటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే, తోటల నుంచి వచ్చిన ఆ సమాజమే దానికి ఆధారం.

ఎస్టేటు ముక్కలైతే

1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏళ్లలో చాలామంది ఐరోపా యజమానులు తోటలు అమ్ముకున్నారు. కొన్నవాళ్లలో కొందరు వాటిని ముక్కలు చేసి తిరిగి అమ్మారు. ఇందాకటి 100 ఎకరాల గీత ఇక్కడ కూలీ నెత్తిన పడింది. ముక్క చిన్నదయ్యాక అది ఎస్టేటు కాదు. బడి, ఆసుపత్రి, లైన్లు నడపాల్సిన పెద్ద యజమాని అక్కడ లేడు. తోట చెట్లు అక్కడే ఉన్నాయి, ఎస్టేటు మాత్రం మాయమైంది.

దీనికి విరుగుడుగా 1960లో వీ.టీ. సంబంధన్ అనే మంత్రి ఒక సహకార సంఘం పెట్టించారు. పేరు నేషనల్ లాండ్ ఫైనాన్స్ కోఆపరేటివ్ సొసైటీ. కూలీలు నెలకు పది డాలర్ల చొప్పున వాటా కడితే, అమ్మకానికి వచ్చిన తోటలను సంఘమే కొంటుంది. ఎస్టేటు అనే మాట చరిత్రలో ఇదొక అరుదైన ఘట్టం. ఎస్టేటులో పనిచేసేవాడే ఎస్టేటుకు వాటాదారు అయ్యాడు.

తర్వాతి దశలో తోటలను పట్టణాలు మింగేశాయి. నేటి పెటాలింగ్ జయా ఒకప్పుడు ఎఫింగ్‌హామ్ ఎస్టేటు. సుబాంగ్ జయా సీఫీల్డ్ ఎస్టేటు. కౌలాలంపూర్‌లో ఖరీదైన బంగ్సార్ పేట పేరు, బుంగే, గ్రిసార్ అనే ఇద్దరు ఐరోపావాళ్ల తోట పేరు నుంచి వచ్చిందని చెబుతారు. పరిపాలనా రాజధాని పుత్రజయ ఉన్నది ప్రాంగ్ బెసార్ ఎస్టేటు నేల మీద. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన బ్రిటిష్ అధికారులు వేసుకున్న తోట అది. మలయ్‌లో ఆ పేరుకు ‘మహాయుద్ధం’ అని అర్థం. 1990లలో రాజధాని కట్టేటప్పుడు అక్కడి తోటల కుటుంబాలను డెంగ్‌కిల్ దగ్గర తామన్ పెర్మాతా అనే అపార్ట్‌మెంట్లకు తరలించారు. సొంత నేల మీద ఇల్లు కావాలని వాళ్లు చాలా ఏళ్లు అడగాల్సి వచ్చింది.

‘తామన్’ అంటే మలయ్‌లో ఉద్యానవనం. మలేషియాలో ఇళ్ల కాలనీల పేర్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. ఇంగ్లీషులో అలాంటి కాలనీ ‘హౌసింగ్ ఎస్టేట్’. ఆ కుటుంబాలు ఎస్టేటు విడిచి వెళ్లింది ఇంకో రకం ఎస్టేటులోకే.

రియల్ ఎస్టేట్ అంటే నిజమైన ఎస్టేటా?

మన ఊళ్లలో ‘రియల్ ఎస్టేట్’ ఇప్పుడు వృత్తి పేరు. ‘మావాడు రియల్ ఎస్టేట్ చేస్తున్నాడు’ అంటాం. ఇందులో రియల్ అంటే నిజమైనది అని కాదు. ‘రెస్’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, దానికి వస్తువు అని అర్థం. ఇంగ్లండు కోర్టుల్లో పరిహారం కాకుండా ఆ వస్తువునే తిరిగి రాబట్టుకోగల ఆస్తి ‘రియల్’. అది భూమి, భూమికి అంటుకున్న ఇల్లు. మనం స్థిరాస్తి, చరాస్తి అని విడదీసేదీ దాదాపు ఈ తేడానే.

భారతదేశంలో 2016 నాటి రెరా చట్టం, దాని కిందికి వచ్చే ప్రాజెక్టులను అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలంటోంది. మలేషియాలో 1981 నాటి చట్టం కింద ఏర్పడిన బోర్డు ‘ఎస్టేట్ ఏజెంట్’లను నమోదు చేస్తుంది. ఆ ఏజెంటు పని ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టడం. రబ్బరు తోటకు అతనికి సంబంధం లేదు.

పోయినవారి ఎస్టేటు

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన అర్థం ఇది. చట్టంలో ఒకరి ‘ఎస్టేట్’ అంటే వారు పోయేనాటికి వారి పేరున ఉన్న ఆస్తి, అప్పులు అన్నీ కలిపి. కూలీకైనా కోటీశ్వరుడికైనా ఈ ఎస్టేటు ఉంటుంది. బ్యాంకులో నాలుగు డబ్బులు, ఒక మోటారు సైకిలు, తీర్చని ఒక అప్పు ఉన్నా అది ఎస్టేటే. ముందు అప్పులు తీరాలి, మిగిలింది వారసులకు.

మలేషియా ద్వీపకల్పంలోని తెలుగు కుటుంబాలకు ఇక్కడ మన హిందూ వారసత్వ చట్టం వర్తించదు. వీలునామా లేని ముస్లిమేతరుల ఆస్తికి 1958 నాటి పంపిణీ చట్టం ఉంది. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఉంటే పావు వంతు జీవిత భాగస్వామికి, సగం పిల్లలకు, పావు వంతు తల్లిదండ్రులకు. తల్లిదండ్రులు లేకపోతే మూడో వంతు జీవిత భాగస్వామికి, మిగిలిన రెండు వంతులు పిల్లలకు. భూమి ఉండి, వీలునామా లేక, మొత్తం విలువ ఒక పరిమితి లోపు ఉంటే ‘స్మాల్ ఎస్టేట్’ కింద కోర్టుకు వెళ్లకుండా భూమి కార్యాలయంలోనే తేల్చుకోవచ్చు. ఆ పరిమితి చాలాకాలం 20 లక్షల రింగిట్లు, 2024 నుంచి 50 లక్షలు. ఇక్కడ ‘స్మాల్’ అన్నది ఎకరాల లెక్క కాదు, విలువ లెక్క.

మన దేశంలో ఇదే మాట ఆడవాళ్ల హక్కుతోనూ ముడిపడి ఉంది. 1956కు ముందు హిందూ వితంతువుకు భర్త ఆస్తి మీద దక్కేది ‘పరిమిత ఎస్టేట్’. బతికినంత కాలం అనుభవించవచ్చు, సాధారణంగా అమ్మడానికి లేదు. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దాన్ని పూర్తి హక్కుగా మార్చింది. భరణం కింద ఇచ్చిన ఆస్తికీ ఇది వర్తిస్తుందని 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వెళ్లింది ఆంధ్రప్రదేశ్ నుంచే.

‘ఎస్టేట్ డ్యూటీ’ అన్నది కూడా ఈ అర్థం నుంచే పుట్టింది. మనిషి పోయాక అతని ఆస్తి మీద ప్రభుత్వం వేసే పన్ను అది. భారత్‌లో 1953లో వచ్చి 1985లో పోయింది. మలేషియాలో 1991లో ఎత్తేశారు.

మిగిలినవి క్లుప్తంగా

పత్రికలను ‘ఫోర్త్ ఎస్టేట్’ అంటారు. తెలుగులో నాలుగో స్తంభం అనడం వల్ల మిగతా మూడూ శాసనసభ, ప్రభుత్వం, న్యాయస్థానం అనుకుంటాం. ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. పాత ఐరోపాలో సమాజం మూడు వర్గాలు. మతపెద్దలు, ప్రభువులు, సామాన్యులు. ఫ్రాన్స్‌లో 1789లో వెర్సాయ్‌లో కూడిన సభ ఈ మూడు ‘ఎస్టేట్ల’దే. వాటి పక్కన పత్రికలు నాలుగోది అయ్యాయి. హోదా, వర్గం అనే తొలి అర్థం చెక్కుచెదరకుండా మిగిలింది ఇక్కడే.

సనత్‌నగర్ వంటి చోట్ల ‘ఇండస్ట్రియల్ ఎస్టేట్’ అంటే పరిశ్రమలకు కేటాయించిన పేట. ఓడరేవులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో ‘ఎస్టేట్ ఆఫీసర్’ అంటే సంస్థ స్థలాలు, క్వార్టర్లు చూసే అధికారి. హక్కు లేకుండా ఉన్నవాళ్లను ఖాళీ చేయించే అధికారం 1971 చట్టం ఆయనకిచ్చింది. 1992లో టాటా కంపెనీ తెచ్చిన ‘ఎస్టేట్’ కారు పేరు, వెనక సామాను పెట్టుకునే వీలున్న కార్లను బ్రిటన్‌లో పిలిచే పేరు.

ఎలా పోల్చుకోవాలి?

మలయ్ భాష ఈ విషయంలో మనకంటే తెలివైన పని చేసింది. తోటకు ‘లడాంగ్’ లేదా ‘ఎస్టెట్’, స్థిరాస్తికి ‘హర్తానా’, పోయినవారి ఆస్తికి ‘హర్తా పుసాకా’, ఇళ్ల కాలనీకి ‘తామన్’ అని విడివిడి మాటలు పెట్టుకుంది. తెలుగులో మనం అన్నిటికీ ఎస్టేటే అంటున్నాం కాబట్టి పక్క మాటను చూడాలి. ఊరి పేరుతో కలిసి, శిస్తు, ఇనాము, అబాలిషన్ వంటి మాటల మధ్య వస్తే జమీందారీ. మలేషియా కాగితంలో చిరునామాగానో పుట్టిన చోటుగానో వస్తే తోట. అది ఆస్తికి రుజువు కాదు, ఉన్న చోటుకు రుజువు. పోయినవారి పేరుతో వస్తే వారసత్వం. ధర, అడుగులు, ఏజెంటు పక్కన వస్తే స్థిరాస్తి వ్యాపారం.

ముఖ్యంగా ఒక విన్నపం. మలయా వెళ్లిన పూర్వీకులు ఉన్న కుటుంబాలు, ఇటువైపైనా అటువైపైనా, ఇంట్లోని పాత కాగితాల మీద ఎస్టేటు పేరు కనబడితే దాన్ని జిల్లా పేరుతో సహా రాసి పెట్టుకోండి. తోటలు పట్టణాలవుతున్న కొద్దీ పటాల మీద ఆ పేర్లు చెరిగిపోతున్నాయి. పేరు తెలిస్తే ఏ కంపెనీ తోటో, ఏ రాష్ట్రమో, ఏ బడో వెతికి పట్టుకోవచ్చు. ఇటు ఊరి పేరు, అటు ఎస్టేటు పేరు రెండూ దొరికిన కుటుంబానికి తన చరిత్రలో సగం చేతికి వచ్చినట్టే. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి.